నమూనా ఏదని అడిగేవాళ్ళకు

మన సమాజంలో ముడికున్న మర్యాద అంతా మగవాడు వేసే ముడికే దక్కింది. మూడు ముళ్ళు అనగానే ఎవరు ఎవరికి వేశారో వేరే చెప్పక్కర్లేదు. దానికి ముహూర్తం ఉంది, మంత్రం ఉంది, మేళం ఉంది, అక్షింతలు పట్టుకుని నిలబడ్డ సాక్షులున్నారు. ఆ తర్వాతి మర్యాద తోరానిది. వరలక్ష్మీ వ్రతం నాడు ఆడవాళ్ళే దారానికి పసుపు రాసి, తొమ్మిది పోగులు తీసి, తొమ్మిది ముడులు వేసి, ఒకరి చేతికి ఒకరు కట్టుకుంటారు. అయితే ఆ తొమ్మిది ఎనిమిది కావడానికి వీల్లేదు, పది కావడానికీ వీల్లేదు. లెక్క ఎప్పుడో ఎవరో రాసిపెట్టేశారు.

మూడో రకం ముడి ఒకటుంది. దానికి ముహూర్తం లేదు, లెక్క లేదు. పదిహేను పదహారేళ్ళ ఆడపిల్ల హాస్టల్ వరండాలో కూర్చుని, ఎంబ్రాయిడరీ దారాల్ని పిన్నీసుతో మోకాలి మీది బట్టకు గుచ్చుకుని, స్నేహితురాలి మణికట్టు కోసం వేసే ముడి. ఆగస్టు మొదటి ఆదివారం వస్తోందంటే ఫ్యాన్సీ షాపుల్లో దొరికే ఫ్రెండ్‌షిప్ బ్యాండు కొనడానికి డబ్బుల్లేక కొందరు, కొన్నది నచ్చక కొందరు, చెయ్యి ఊరుకోక కొందరు ఈ పని చేస్తారు. మా నరసన్నపేటలోనూ చేస్తారు. ఆరంగుళాల బ్యాండులో కొన్ని వందల ముడులుంటాయి. ఆ వందల ముడులకు మన దగ్గర ఉన్న పేరు ‘కాలక్షేపం’. ఆ పేరు మీదే నా తగాదా.

కిందటేడు మా ప్రాంతంలోని ఒక ఆడపిల్లల కళాశాలలో చేతిపనుల పోటీ పెట్టి, ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకరిగా నన్ను పిలిచారు. మార్కుల కాగితంలో నాలుగు గళ్ళున్నాయి. శుభ్రత, రంగుల పొందిక, ఉపయోగం, నమూనాకు అనుగుణ్యత. ఒక్కోదానికి పది మార్కులు. ఒక అమ్మాయి అట్టముక్క మీద పదకొండు బ్యాండులు వరసగా గుచ్చి పెట్టింది. ఏ రెండూ ఒకలా లేవు. నా పక్కనున్నాయన అడిగారు.

“నమూనా ఏదమ్మా?”

“లేదండి.”

“మరి ఎలా చేశావు?”

“సేసుకుంటూ పోతానండి.”

ఆయన నవ్వారు. మూడో న్యాయనిర్ణేత, ఆవిడా అధ్యాపకురాలే, నవ్వారు. నాలుగో గడిలో సున్నా పడింది. మొదటి బహుమతి, కంప్యూటర్ నుంచి తీసిన నమూనా కాగితాన్ని పక్కన పెట్టి గడి గడికీ సరిపోయేలా అల్లిన బ్యాండుకు వెళ్ళింది. బహుమతి వెయ్యి రూపాయలతో ఆగలేదు. దాంతోపాటు ఒక శిక్షణ కోర్సుకు సిఫారసు ఉత్తరం కూడా ఉంది. నా అభ్యంతరం మార్కుల కాగితం వెనక రాసి సంతకం పెట్టాను. కాగితాన్ని మడిచి ఫైల్లో పెట్టారు. అక్కడితో సరి.

నమూనాను చూసి అల్లిన పిల్ల మీద నాకేం కోపం లేదు. ఆమె చెయ్యి కూడా చక్కని చెయ్యే. నా కోపం ఆ నాలుగో గడి మీద. నమూనా లేకుండా చేసినదానిలో ‘అనుగుణ్యత’ చూడటానికి ఏమీ ఉండదని ముందే తీర్మానించుకున్న బుద్ధి మీద. ఆ బుద్ధి ఒక్క కళాశాలది కాదు. మన విశ్వవిద్యాలయాలదీ, మన విమర్శదీ, కొంతవరకు ఈ పత్రిక చదివే మనదీ.

పోటీ అయ్యాక ఆ అమ్మాయి దగ్గర కూర్చున్నాను. పేరు రాయొద్దని ఆమే అడిగింది, అందుకని రాయడం లేదు. ముందే ఏమీ అనుకోకుండా ఎలా మొదలుపెడతావని అడిగాను.

“రంగులనుకుంటానప్పా. అంతే. రెండు వరసలయ్యాక అదే సెప్తాది ఎటెల్లాలో.”

“అది చెప్పడమేంటి?”

“దారం సూస్కోవాల కదా. ఎర్రదానిసేతే ముడులేయించుకుంటూ పోతే అదే ముందు కురసైపోద్ది. మాయమ్మ లాగ. అప్పుడు దాన్ని లోపలికి తోసేసి ఇంకోదానిసేత పని సేయించాల.”

ఈ జవాబులో ఉన్నదేమిటో అర్థం కావాలంటే ముడి సంగతి కొంచెం తెలియాలి. సాహిత్య విమర్శలో ఛందస్సు గురించి పేజీలకు పేజీలు ఓపికగా చదువుతాం. ఒక్క పేరా ముడి గురించి కూడా చదువుదాం.

రెండు దారాలు పక్కపక్కన ఉన్నాయనుకోండి. ఎడమదాన్ని కుడిదాని మీదుగా నాలుగంకె ఆకారంలో వేసి, కింద నుంచి తీసి పైకి లాగితే సగం ముడి. అదే ఇంకోసారి చేస్తే ముడి పూర్తవుతుంది. ముడి వేసిన దారం రంగు పైకి కనబడుతుంది. వేయించుకున్న దారం లోపల దాక్కుంటుంది. ఎడమది వెయ్యొచ్చు, కుడిది వెయ్యొచ్చు. ముడి పడ్డాక రెండూ చోట్లు మారొచ్చు, లేదా రెండో సగం ముడిని ఎదురు తిప్పి వేస్తే ఎక్కడివక్కడే ఉండిపోవచ్చు. అంటే ప్రతి ముడి దగ్గరా నాలుగు దారులు. ఎనిమిది దారాల బ్యాండులో మొదటి వరసకు నాలుగు ముడులు. తర్వాతి వరసలో అటూ ఇటూ అంచు దారాలను వదిలేసి మూడు. రెండు వరసలకు ఏడు ముడులు. ప్రతి ముడికీ నాలుగు దారులంటే, ఆ రెండు వరసలనే 16,384 రకాలుగా అల్లవచ్చు. అందులో చూడబుద్ధయ్యేవి కొన్నే. ఆ పిల్ల చెయ్యి వాటిలోంచి ఒకదాన్ని ఎంచుకుంటోంది. ఎంచుకునేటప్పుడు ముందు వరసలో ఏం చేసిందో గుర్తుంచుకుంటోంది. తర్వాతి వరసకు ఏ రంగు ఏ చోటికి చేరుతుందో చూసుకుంటోంది. ఏ దారం ఎంత మిగిలిందో లెక్కేసుకుంటోంది. ముడి వేసే దారం గబగబా తరుగుతుంది, వేయించుకునేది చాలావరకు అలాగే ఉంటుంది. నమూనా కాగితం ఉంటే ఈ తరుగు లెక్కంతా కాగితం రాసినవాళ్ళే వేసి పెడతారు. కాగితం లేని పిల్ల అల్లుతూ అల్లుతూ వేసుకోవాలి. ఇంకొకటి, లాగే బిగువు. ఒక వరస బిగించి ఇంకో వరస వదులు చేస్తే అంచు మెలి తిరుగుతుంది. అది కంటికి తెలిసేలోపే వేలికి తెలియాలి.

ఇంత పని జరుగుతుంటే దాన్ని చూసి ‘ఏ పద్ధతీ లేకుండా చేసింది’ అన్నారు. పద్ధతి లేకపోతే మూడో వరసకే బ్యాండు ముద్ద కట్టిపోయేది. పద్ధతి ఉంది. అది కాగితం మీద లేదు, అంతే.

ఈ మాట మా ప్రాంతానికి కొత్త కాదు. నరసన్నపేటకు అట్టే దూరంలో లేని శ్రీముఖలింగం పక్కన, వంశధార ఒడ్డున పర్వతాలపేట ఉంది. 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి అక్కడ పుట్టారు. ఆ రోజునే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం, దండలు వేసుకుంటున్నాం. ఆయన ఎవరితో పోట్లాడారో, ఆ పోట్లాటలో అసలు ప్రశ్న ఏమిటో మాత్రం మర్చిపోతున్నాం. వాడుక భాషకు వ్యాకరణం లేదనీ, నోటికొచ్చినట్టు మాట్లాడేదానికి నియమమేమిటనీ గ్రాంథికవాదులన్నారు. నోటికొచ్చినట్టు మాట్లాడినా నోరు నియమం తప్పదని గిడుగు చెప్పారు. వ్యాకరణం పుస్తకంలో పుట్టదు, మాట్లాడేవాళ్ళ వాడుకలో ఉంటుంది, పండితుడు దాన్ని చూసి రాసుకుంటాడు. అంతటితో ఊరుకోలేదు. నియమం నియమం అనే పండితులే తమ గ్రాంథిక రచనల్లో ఆ నియమాల్ని ఎలా తప్పారో ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం’లో ఏరి చూపించారు. లిపిలేని సవర భాష నేర్చుకుని, దాని వ్యాకరణాన్ని మాట్లాడేవాళ్ళ నోటి నుంచి విని రాశారు. ఆ పుస్తకం 1931లో వచ్చింది. సవరలు తమ భాషను వ్యాకరణ పుస్తకం చూసి మాట్లాడటం లేదు కాబట్టి అది భాషే కాదని ఆయన అనలేదు.

నోటికి ఒప్పుకున్న ఈ న్యాయాన్ని మనం చేతికి ఎందుకు ఒప్పుకోవడం లేదు? అందులోనూ ఆడదాని చేతికి? గ్రాంథికవాదం 20వ శతాబ్దంలో భాషలో ఓడిపోయింది. అది చేతిపనుల మార్కుల కాగితంలో నాలుగో గడిగా బతికే ఉంది.

‘అందులోనూ ఆడదాని చేతికి’ అని ఊరికే అనలేదు. ముడి మగవాడి చేతిలో ఉన్నప్పుడు దానికి ఎంత విలువో చూడండి. 1944లో క్లిఫర్డ్ యాష్లీ అనే అమెరికన్ చిత్రకారుడు ముడుల మీద ఒక పెద్ద పుస్తకం వేశాడు. ఓడల మీద నావికులు వేసే ముడుల దగ్గర్నుంచి రకరకాల ముడులు 3,800కి పైగా బొమ్మలతో, ఒక్కోదానికి ఒక అంకెతో అందులో ఉన్నాయి. ఇప్పటికీ ముడుల మీద రాసేవాళ్ళు ఆ అంకెతోనే చెబుతారు. ఆ నావికులు కూడా చదివి నేర్చుకున్నవాళ్ళు కారు. ఓడ మీద పొద్దుపోక వేసిన ముడులు కూడా అందులో బోలెడున్నాయి. అయినా అది ‘విజ్ఞానం’ అయింది, గ్రంథమయింది. ఫ్రెండ్‌షిప్ బ్యాండులో పడే ముడి కూడా నావికులకు తెలిసిన సగం ముడే, రెండుసార్లు వేసింది. ఓడ తాడుకు పడితే విద్య. మణికట్టు దారానికి పడితే కాలక్షేపం.

నమూనా అనేది ఎవరికీ అక్కర్లేని వస్తువని నేననడం లేదు. నమూనా ఎక్కడి నుంచి వచ్చిందో, వచ్చి ఏం చేసిందో చూడమంటున్నాను. 1804 ప్రాంతంలో ఫ్రాన్సులో జాకార్డ్ మగ్గం వచ్చింది. అల్లికలో ఏ పోగు పైకి లేవాలో చిల్లులు పెట్టిన అట్టలు చెప్పేవి. అంతవరకు నేతగాళ్ళ బుర్రలో, చేతుల్లో ఉన్న నిర్ణయం అట్టలోకి వెళ్ళింది. 1903లో ఫ్రెడరిక్ టేలర్ ఇంకొంచెం విడమరిచి చెప్పాడు. ఆలోచించే పనినంతా కార్ఖానాలోంచి తీసేసి ప్రణాళికా విభాగంలో పెట్టాలన్నాడు. చెయ్యి ఒకచోట, బుర్ర ఇంకోచోట. బుర్ర యజమానిది. చెయ్యి కూలిది.

ఇది మన తెలుగుదేశంలో ఆడవాళ్ళకు ఎలా పట్టిందో తెలుసుకోవడానికి ఎక్కడికో వెళ్ళక్కర్లేదు. పశ్చిమగోదావరి నర్సాపురం లేసు ఉంది. మరియా మీస్ 1982లో వేసిన ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ మనలో చాలామంది చదివాం, పాఠాలూ చెప్పాం. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన అల్లిక అది. అది పెరిగి ఎగుమతి వ్యాపారమైంది. పువ్వులు అల్లేవాళ్ళు వేరు, వాటిని అతికేవాళ్ళు వేరు అయ్యారు. రోజంతా అల్లేవాళ్ళను పనివాళ్ళనలేదు, ఇంట్లో కూర్చుని తీరిక వేళ అల్లుకునే గృహిణులన్నారు. ఆ మాట వల్లే కూలి అంత తక్కువలో ఉంచగలిగారని మీస్ చూపించింది. మన స్త్రీవాదులం ఆ ‘తీరిక’ అనే మాటను బాగానే పట్టుకున్నాం. పట్టుకోవలసినది ఇంకొకటుంది. పనిని ముక్కలు చేశాక మొత్తం వస్తువు రూపం అల్లేవాళ్ళ చేతిలో లేకుండా పోయింది. పువ్వు అల్లే మనిషికి ఆ పువ్వు ఏ బల్లగుడ్డలో ఎక్కడ పడుతుందో తెలియక్కర్లేదు. అలా తెలియకపోవడమే ఆమె కూలి రేటుకు ఆధారం. నర్సాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. గుర్తింపు ఊరికి వచ్చింది. రూపాన్ని నిర్ణయించే హక్కు అల్లేవాళ్ళకు వచ్చిందా అన్నది వేరే ప్రశ్న, ఆ ప్రశ్న వెయ్యాల్సింది మనమే.

‘నమూనా ఏదమ్మా’ అన్న ప్రశ్న అంత అమాయకమైనది కాదని నేననేది ఇందుకే. నమూనా చూపించమంటే ‘నీ బదులు ఆలోచించినవాళ్ళెవరో చూపించు’ అని. ఆ ఆలోచించింది నేనే అని పిల్ల చెబితే నమ్మబుద్ధి కాదు. సున్నా వేస్తాం.

దీనికి ఎదురుగా ఇంకో గోతి ఉంది. అది మెచ్చుకోలు గొయ్యి. మనలాంటివాళ్ళం ఎక్కువగా పడేది అందులోనే. పోటీ సంగతి చెబితే ఒక స్నేహితురాలు, మంచి కవయిత్రి, “అబ్బ, ఎంత సహజం! ఏ చదువూ లేని సృజన!” అంది. నాకు ఆ సున్నా కంటే ఈ ‘సహజం’ ఎక్కువ బాధ పెట్టింది. సహజం అంటే నేర్చుకోలేదని, కష్టపడలేదని. ఆ అమ్మాయికి ఈ పని హాస్టల్లో పైతరగతి పిల్లలు నేర్పారు. మొదట్లో చేసినవి మెలికలు తిరిగిపోతే పిన్నీసుతో విప్పి మళ్ళీ వేసిందట. అంతకుముందు ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని, కాలి బొటనవేలికి దారం తగిలించి మల్లెపూలు కట్టింది. రెండు పూలు అటు, రెండు పూలు ఇటు పెట్టి ముడి వెయ్యడం, పూవు నలగకుండా, జారకుండా దారం ఎంత లాగాలో వేళ్ళకు తెలియడం అక్కడ మొదలైంది. మా ఇళ్ళల్లో పాత చీరలతో కుట్టే బొంత కూడా ఆమెకు తెలుసు. ఏ ముక్క పక్కన ఏ ముక్క వెయ్యాలో ముందు ఎవరూ గీసుకోరు. ఉన్న ముక్కల్ని బట్టి, చిరుగుల్ని బట్టి బొంత రూపం తేలుతుంది. ఇంత చదువు ఆ చేతుల్లో ఉంటే ‘ఏ చదువూ లేని సృజన’ అనడం ఆ చదువును కొట్టిపారెయ్యడమే. ముద్దుగా కొట్టిపారెయ్యడం.

ఈ మెచ్చుకోలు ఎంత దూరం వెళ్తుందో అమెరికాలో జరిగినది చూస్తే తెలుస్తుంది. అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు, ఒకప్పటి బానిసల మనవరాళ్ళూ మునిమనవరాళ్ళూ, పాత పనిబట్టలతో బొంతలు కుడతారు. పేరున్న నమూనాలూ కుడతారు. ఏ నమూనా లేకుండా కుట్టేదాన్ని ‘మై వే’ అంటారు. నా దారి. 2002లో ఆ బొంతల్ని హ్యూస్టన్ మ్యూజియంలో, తర్వాత న్యూయార్కులో గోడలకు తగిలించారు. విమర్శకులు ఆధునిక చిత్రకళతో పోల్చి ఆకాశానికెత్తారు. 2006లో తపాలా బిళ్ళలు వేశారు. 2007లో కుట్టినవాళ్ళలో కొందరు తమకు రావలసినది రాలేదని కోర్టుకు వెళ్ళారు. ఆ వ్యాజ్యం ఎటు తేలిందన్నది అలా ఉంచి, కోర్టుకు వెళ్ళవలసి రావడమే చాలు మనకు బోధపడటానికి. గోడకు తగిలించాక కూడా చెయ్యి ఒకరిది, లెక్క ఇంకొకరిది. ‘నా దారి’ అన్న రెండు మాటల్లో ఆ స్త్రీలు చెప్పుకున్న కర్తృత్వాన్ని మెచ్చుకోలు మింగేసింది.

మన సాహిత్య చరిత్రలోనూ ఇదే జరిగింది. మొల్ల తన రామాయణం అవతారికలో తనకు శాస్త్రాలు రావనీ, ఛందస్సు లాంటివి తెలియవనీ చెప్పుకుంది. ఆ మాటల్ని యథాతథంగా తీసుకుని, చదువురాని కుమ్మరి పడుచు దైవకృపతో కవిత్వం చెప్పిందని తరతరాలుగా పాఠం చెబుతున్నారు. తనకు ఛందస్సు తెలియదన్న ముక్కను ఆమె చెప్పింది ఛందోబద్ధమైన పద్యంలో! ఇది కనబడటానికి డాక్టరేటు అక్కర్లేదు. అయినా కనబడలేదు. ఎందుకంటే ఆడదాని విద్యకు రెండే పేర్లున్నాయి. చెప్పిచ్చినవాడుంటే అనుకరణ. లేకపోతే వరం. ఆమె నేర్చుకుంది, ఆలోచించింది, ఎంచుకుంది అన్న మూడో మాటకు చోటు లేదు.

ఇప్పుడు మన సంగతి. సాహిత్యంలో పరిశోధన చేసినవాళ్ళం, పత్రికలకు రాసేవాళ్ళం, సెమినార్లకు వెళ్ళేవాళ్ళం. రెండేళ్ళ కిందట ఒక సెమినార్లో ఆడవాళ్ళ చేతిపనుల మీద పత్రం చదివితే, వేదిక మీదున్న పెద్దావిడ “మీ ప్రాథమిక ఆధారం ఏది?” అని అడిగారు. బ్యాండునే చూపించాను. “ఇది వస్తువు. పాఠం కావాలి” అన్నారు. రాసినదే ఆధారం, రాయనిది ఆధారం కాదు. స్త్రీల పాటల్ని సేకరించి అచ్చు వేశాక అవి సాహిత్యమయ్యాయి, అంతకుముందు దంపుడు చప్పుడులో కలిసిపోయాయి. చేతిపని విషయంలో మనం ఇంకా దంపుడు చప్పుడు దగ్గరే ఉన్నాం. బొంత గురించి కథలు రాస్తాం, కవితలు రాస్తాం. అందులో బొంత ఎప్పుడూ అమ్మ ప్రేమకు గుర్తు, పేదరికానికి గుర్తు, జ్ఞాపకానికి గుర్తు. బొంత ఎలా కుట్టారో మాత్రం ఆ కథల్లో ఉండదు. కుట్టినామెను మనం ఒక్క ప్రశ్న అడగం. ఈ ముక్క ఇక్కడ ఎందుకు వేశావు? ఏ కవినైనా ఈ మాట ఇక్కడ ఎందుకు వేశావని గంటలకొద్దీ ఇంటర్వ్యూ చేస్తాం.

నాకొచ్చే జవాబు తెలుసు. నమూనా రాయడం వల్లే కదా ఒక ఊరి పిల్ల చేసింది ఇంకో ఊరి పిల్లకు అందుతుంది, హాస్టల్లో నేర్పే అక్క లేని పిల్ల ఏం చెయ్యాలి, రాతను కాదంటే గురువుల పెత్తనాన్ని తెచ్చుకోవడమే కదా అని. ఇది బలమైన మాట. అక్షరం లేకుండా చేసి ఆడవాళ్ళనీ దళితులనీ ఎన్ని వందల ఏళ్ళు బయట నిలబెట్టారో తెలిసినదాన్ని, రాత వద్దని ఎలా అంటాను? రాయాల్సిందే. గిడుగు కూడా రాశారు. అయితే ఆయన విన్నాక రాశారు. ముందు రాసిపెట్టి, దాని ప్రకారం మాట్లాడితేనే అది భాష అనలేదు. చేసినదాన్ని తర్వాత రాసుకోవడం ఒకటి, రాసినది చూపిస్తేనే చేసినట్టు లెక్క అనడం ఇంకొకటి. మొదటిది పంచుకోవడం. రెండోది సుంకం వసూలు చెయ్యడం. నమూనాతో అల్లిన పిల్లకు బహుమతి ఇవ్వండి. లేకుండా అల్లిన పిల్ల దగ్గర సుంకం వసూలు చెయ్యకండి.

ఇది ఒక బ్యాండు గురించి ఇంత రాద్ధాంతమా అనేవాళ్ళు కూడా ఉంటారు. ఆ బ్యాండు దగ్గర సున్నా పడ్డ పిల్లకు శిక్షణ సిఫారసు పోయింది. రేపు ఆమె ఏ కుట్టుపని కేంద్రంలోనో చేరితే, ముక్కకింత అని కూలిస్తారు. డిజైన్ వేరేవాళ్ళు పంపిస్తారు. నీకు డిజైన్ రాదు కదా అంటారు. రాదని ధ్రువీకరించిన మొదటి కాగితం మన ముగ్గురు న్యాయనిర్ణేతల సంతకాలతో ఉంది. ఆ కూలిరేటు అక్కడ మొదలైంది.

మా జిల్లాలోనే పొందూరు ఉంది. అక్కడి ఆడవాళ్ళు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్నని నూలు తీస్తారు. ఆ ఖద్దరు దేశమంతా తెలుసు. కట్టుకున్న నాయకుల పేర్లు కూడా తెలుసు. చేప దవడను ఆ పనికి మొదట పట్టిన చెయ్యి ఎవరిదో, ఎన్ని రకాలుగా ప్రయత్నించి చివరికి ఆ పళ్ళ వరస దగ్గర ఆగిందో ఎవరూ అడిగి పెట్టుకోలేదు. అది కూడా ఏ నమూనా చూడకుండా ఒక చెయ్యి చేసిన ఆలోచనే. అదే పట్నంలో ప్రయోగశాలలో జరిగి ఉంటే దానికి పేటెంటు ఉండేది. శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో కథానిలయం పెట్టి, అచ్చయిన ప్రతి తెలుగు కథా దొరకాలని పట్టుబట్టి పోగుచేశారు. కథకు అంత శ్రద్ధ దక్కిన జిల్లాలో చేతులు చేసిన ఆలోచనకు ఒక్క అలమరా లేదు.

అందుకని నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఆ నాలుగో గడి కొట్టెయ్యండి. దాని స్థానంలో ‘చేసినామె తన ఎంపికల గురించి ఏం చెబుతుంది’ అని రాయండి, అయిదు నిమిషాలు కూర్చుని వినండి. మన పిహెచ్.డి. విద్యార్థినులు చేతిపనుల మీద పని చేస్తామంటే పాఠం ఏదని గదమాయించకండి. ముడి చదవడం నేర్చుకుని రమ్మనండి. దానికి కనీసం ఒక బ్యాండు అల్లాలి. బొంత మీద, ముగ్గు మీద, అల్లిక మీద రాసేటప్పుడు చేసినామెకు ఇష్టమైతే ఆమె పేరు, ఎలా చేసిందో ఆమె మాటల్లో, ఆమె యాసలోనే వెయ్యండి. ‘సేసుకుంటూ పోతాను’ అన్నదాన్ని ‘ఆమెకు వివరించడం రాదు’ అని తర్జుమా చెయ్యకండి. అదొక పూర్తి వాక్యం. దాని అర్థం, ప్రతి ముడి దగ్గరా ఆగి ఆలోచిస్తాను అని. ముఖ్యంగా ‘సహజం’ అన్న మాటను కొన్నాళ్ళు పక్కన పెట్టండి. మన కవిత్వం గురించి ఎవరైనా సహజం అంటే మనకు ఎంత మండుతుందో గుర్తు తెచ్చుకోండి.

ఆ కళాశాల వాళ్ళు వచ్చే ఏడాది పోటీకి నన్ను పిలవకపోవచ్చు. పిలిస్తే మాత్రం మార్కుల కాగితం ముందుగా నాకు పంపమని ఇప్పుడే ఉత్తరం రాశాను. నాలుగో గడి అలాగే ఉంటే, దాని పక్కన నాకొక ప్రశ్న ఉంది. ఈ గడికి నమూనా ఎవరు గీశారు?